ఫ్రీగా 160 ఎకరాలు ఇచ్చినా అంతమంది ఎందుకు వదిలేసి వెళ్ళిపోయారు?

ఒమాహా_తెలుగోడు:
అందరికీ నమస్తే. మేము అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో ఉంటాం, ఈమధ్య పిల్లల్ని తీసుకుని బియాట్రిస్ పక్కనున్న హోమ్‌స్టెడ్ నేషనల్ హిస్టారికల్ పార్క్‌కి వెళ్ళొచ్చాం. 1862 మే 20న అప్పటి ప్రెసిడెంట్ లింకన్ సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టం గురించి అక్కడ చాలా బాగా చూపించారు. ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు కట్టి, 5 ఏళ్ళు అక్కడే ఉండి, ఇల్లు కట్టుకుని సాగు చేస్తే 160 ఎకరాలకి పట్టా. అలా మొత్తం 27 కోట్ల ఎకరాలు, దాదాపు 16 లక్షల పట్టాలు ఇచ్చారట. అయితే పేరు రాయించుకున్నవాళ్ళలో చాలామంది పట్టా రాకముందే వెళ్ళిపోయారని కూడా చదివాను. మా వైపు గట్టు మీద జానెడు భూమి కోసం అన్నదమ్ములు ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరుగుతారు, అలాంటిది 160 ఎకరాలు వదులుకుని పోవడమేంటో నాకు అంతుపట్టలేదు. ఇంకోటి, మా పెద్దోడు "ఆ భూమి అంతకుముందు ఎవరిది నాన్నా" అని అడిగాడు, దానికి వాడికి సరైన జవాబు చెప్పాలి. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

నల్లరేగడి:
ఆ 18 డాలర్లు ఆఫీసు ఖర్చు మాత్రమే అండి. ఎద్దుల జత, బండి, నాగలి, విత్తనం, బావి, మొదటి పంట చేతికొచ్చేదాకా ఇంటిల్లిపాదికీ తిండి, ఇవన్నీ కలిపితే వందల డాలర్లయ్యేవి, ఆ రోజుల్లో కూలి చేసుకునేవాడికి అది చాలా పెద్ద డబ్బు. పైగా ఆ ప్రెయిరీ నేల, అంటే గడ్డి మైదానం, ఎప్పుడూ నాగలి చూడనిది, గడ్డి వేళ్ళు చాపలా అల్లుకుపోయి ఉంటాయి, దాన్ని మొదటిసారి చీల్చడానికి ప్రత్యేకమైన నాగళ్ళు, ఎక్కువ ఎడ్లు కావాలి. చెట్లు లేవు కాబట్టి కలప లేదు, అందుకని ఆ గడ్డి నేలనే పలకలుగా కోసి గోడలు పేర్చుకుని అందులోనే ఉండేవాళ్ళు. వాన పడితే పైకప్పు నుంచి బురద కారేది, పాములు దూరేవి. వంటచెరకు కూడా లేక ఎండిన బైసన్ (అక్కడి అడవి దున్న) పేడ, ఆవు పేడ మన పిడకల్లాగే పొయ్యిలో పెట్టుకునేవాళ్ళు. నెబ్రాస్కా మెట్ట ప్రాంతాల్లో కొన్నిచోట్ల 200 అడుగులు తవ్వితే గానీ నీళ్ళు పడలేదు, అదీ మనుషులు చేత్తో తవ్విన బావులు!

1874లో మిడతల దండు వచ్చి కాన్సస్, నెబ్రాస్కా, డకోటాల్లో పంటంతా తినేసింది. 1888 జనవరి 12న పొద్దున వెచ్చగా ఉండి ఉన్నట్టుండి మంచు తుఫాను కమ్మేసింది, 200 మందికి పైగా చనిపోయారు, అందులో స్కూలు నుంచి ఇంటికి బయల్దేరిన పిల్లలే చాలామంది, ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

కానీ అసలు దెబ్బ వాన దగ్గర పడింది. నెబ్రాస్కా తూర్పున 30 అంగుళాల దాకా వాన పడితే పడమట చివర 15, 16 అంగుళాలే. దాదాపు 100వ రేఖాంశం (నెబ్రాస్కా మధ్యలో నిలువునా పోయే మ్యాపు గీత) దాటి పడమటికి పోతే వాన మీదే ఆధారపడి పంట తీయడం కష్టం. పడమటి ప్రాంతాలన్నీ సర్వే చేసిన జాన్ వెస్లీ పావెల్ 1878లోనే ప్రభుత్వానికి రిపోర్టు ఇచ్చాడు, ఎండు ప్రాంతాల్లో ఈ 160 ఎకరాల లెక్క పనికిరాదు, పశువుల మేపుకైతే ఒక్కో కుటుంబానికి 2,560 ఎకరాలు కావాలని. ఎవరూ పట్టించుకోలేదు. దున్నుకుంటూ పోతే వానలు అవే వస్తాయని అప్పట్లో జోరుగా ప్రచారం చేశారు, 1880ల మొదట్లో నిజంగానే వానలు బాగా పడేసరికి జనం నమ్మి ఇంకా పడమటికి పోయారు. తర్వాత కరువొచ్చింది, అప్పులు తీరలేదు, పశ్చిమ కాన్సస్‌లో కౌంటీలకి కౌంటీలే ఖాళీ అయ్యాయి. తిరిగి వెళ్ళిపోయినవాళ్ళని బద్ధకస్తులనుకోకండి, ఆ నేలలో ఆ విస్తీర్ణంతో నిలబడటం చాలా కష్టం.

పట్టాల_లెక్క:
నల్లరేగడి గారు చెప్పింది కరెక్టే, కాకపోతే వెళ్ళిపోయినవాళ్ళందరూ ఓడిపోయినట్టు కాదు. 6 నెలలు ఉండి ఎకరానికి 1.25 డాలర్లు కట్టేస్తే 5 ఏళ్ళు ఆగకుండానే పట్టా వచ్చేది, తర్వాత ఆ గడువు 14 నెలలు చేశారు. కొందరు అలా కొనేసి అమ్ముకుని పోయారు, కొందరు తమ క్లెయిమ్ (పేరు రాయించుకున్న భూమి మీద హక్కు) వదులుకోవడానికి వేరేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని ఇంకోచోట మొదలుపెట్టారు. మోసాలూ జరిగాయి, పశువుల కంపెనీలు కూలీల పేర్ల మీద క్లెయిములు వేయించి నీళ్ళున్న చోట్లన్నీ పట్టేశాయి. అందుకే ఎంతమంది నిజంగా నిలదొక్కుకున్నారనే లెక్క మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

రైల్వేల సంగతి కూడా చూడాలి. ఫెడరల్ ప్రభుత్వం రైలు కంపెనీలకి మొత్తం మీద 13 కోట్ల ఎకరాల దాకా ఇచ్చింది, లైనుకి అటూ ఇటూ ఒక సెక్షన్ వదిలి ఒక సెక్షన్ వాళ్ళదే, సెక్షన్ అంటే 640 ఎకరాలు. ఆ మధ్యలో మిగిలిన ప్రభుత్వ భూమిలో హోమ్‌స్టెడ్ పెట్టుకుంటే 1879 దాకా చాలామందికి 160 కాదు, 80 ఎకరాలే ఇచ్చేవాళ్ళు. అంటే స్టేషన్‌కి దగ్గరగా, ధాన్యం అమ్ముకోవడానికి వీలుగా ఉండే చోట కంపెనీ దగ్గర కొనుక్కోవాలి, లేదా ఫ్రీ భూమి కోసం దూరం పోవాలి. దూరం పోతే బండి మీద పంట తోలుకురావడానికే రోజులు పట్టేది. 160 సరిపోదని ప్రభుత్వమే చివరికి ఒప్పుకుంది లెండి, 1904లో పశ్చిమ నెబ్రాస్కాకి 640 ఎకరాలు, 1909లో మిగతా ఎండు రాష్ట్రాలు చాలావాటికి 320, 1912లో 5 ఏళ్ళ గడువుని 3 ఏళ్ళు చేశారు.

కాన్సస్_అక్క:
తమ్ముడూ, మీ పెద్దబ్బాయి అడిగిన ప్రశ్నకి నేను చెప్తాను. ఆ భూమి ఖాళీగా లేదు. మీరు వెళ్ళొచ్చిన బియాట్రిస్ దగ్గరే బిగ్ బ్లూ నది ఒడ్డున ఓటో-మిస్సోరియా తెగ వాళ్ళ రిజర్వేషన్ (ఆదివాసీలకి విడిగా కేటాయించిన భూమి) ఉండేది, 1854లో మిగతా భూమంతా రాయించుకుని వాళ్ళకి ఆ ముక్క మిగిల్చారు, 1880ల మొదట్లో అదీ ఖాళీ చేయించి ఇప్పటి ఓక్లహోమాకి పంపేశారు. మిన్నెసోటాలో డకోటా తెగ వాళ్ళు ఆకలితో తిరగబడితే 1862 డిసెంబర్ 26న మంకాటోలో 38 మందిని ఒకేసారి ఉరితీశారు, వారం తిరక్కుండా 1863 జనవరి 1న హోమ్‌స్టెడ్ చట్టం అమల్లోకి వచ్చింది, ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి పిల్లాడికి చెప్పండి.

1887లో డావ్స్ చట్టం తెచ్చి తెగల ఉమ్మడి భూమిని కుటుంబానికి 160 ఎకరాల చొప్పున ముక్కలు చేసి, మిగిలింది "ఎక్కువైన భూమి" అని వలసొచ్చినవాళ్ళకి తెరిచేశారు. అప్పటికి 13.8 కోట్ల ఎకరాలున్న ఆదివాసీల భూమి 1934కి 4.8 కోట్లకి పడిపోయింది. మీరు ఒమాహాలోనే ఉన్నారు కాబట్టి పోంకా తెగ నాయకుడు స్టాండింగ్ బేర్ కేసు గురించి తప్పకుండా చదవండి. చనిపోయిన కొడుకుని సొంత నేలలో పాతిపెట్టడానికి, తెగని తరిమేసిన చోటి నుంచి నడిచొస్తుంటే సైన్యం పట్టుకుంటే, 1879లో మీ ఊరి కోర్టులోనే జడ్జి డండీ ఇండియన్ (అంటే అమెరికా ఆదివాసీ) కూడా చట్టం ముందు మనిషే అని తీర్పిచ్చాడు.

ఈ చట్టంలో మంచి లేదని అనను. పెళ్ళికాని ఆడవాళ్ళు, వితంతువులు సొంత పేరు మీద భూమి తీసుకోగలిగారు, 1862లో అది చిన్న విషయం కాదు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు కెంటకీ నుంచి వచ్చి 1877లో మా కాన్సస్‌లో నికోడెమస్ ఊరు కట్టుకున్నాయి, ఆ ఊరిలో ఇప్పటికీ ఆ వారసులు ఉన్నారు. కానీ ఆసియా నుంచి వలసొచ్చినవాళ్ళకి దారి లేదు, ఎందుకంటే క్లెయిమ్ వేయాలంటే పౌరుడైనా అయ్యుండాలి, అవుతానని డిక్లరేషన్ అయినా ఇవ్వాలి, ఆ పౌరసత్వం తెల్లవాళ్ళకీ, 1870 నుంచి ఆఫ్రికన్ సంతతికీ మాత్రమే. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ వలసదారుడి పౌరసత్వ కేసులో సుప్రీంకోర్టు మన ఇండియా వాళ్ళకీ అదే వర్తిస్తుందని తేల్చేసింది.

ఒమాహా_తెలుగోడు:
అక్కా, చాలా థాంక్స్, నల్లరేగడి గారికీ, లెక్కల అన్నకీ కూడా. స్టాండింగ్ బేర్ గురించి ఈ వారమే చదివిస్తాను. ఒక చిన్న డౌట్, ఫలానా చోట మొదట ఎవరు పట్టా తీసుకున్నారో మామూలు మనుషులం చూడొచ్చా?

పట్టాల_లెక్క:
చూడొచ్చు అన్నా. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వాళ్ళ జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డ్స్ సైట్‌లో రాష్ట్రం, కౌంటీ, టౌన్‌షిప్ (భూమి సర్వే గడి) కొడితే పట్టా స్కాన్ ఫ్రీగా వస్తుంది. దానికంటే బాగుండేది నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉండే కేసు ఫైలు. పట్టా కోసం ఇద్దరు సాక్షులు వచ్చి ఇల్లు ఎంత పొడవు, ఎన్ని ఎకరాలు దున్నాడు, బావి ఉందా, పశువులెన్ని అని చెప్పాలి కదా, ఆ వాంగ్మూలాలన్నీ అందులో ఉంటాయి. నెబ్రాస్కావి చాలావరకు డిజిటైజ్ చేశారు, అక్కడి నుంచి మొదలుపెట్టు.