‘నీళ్ళలోన మొసలి…’ నిగిడియా, నిలిచియా?

పడవప్రయాణి:
దీవుల మధ్య స్నార్కెలింగ్ పడవలో తిరుగుతున్నాను. కాళ్ళకు ఫిన్స్ తొడిగితే పడవ మీద నాలుగడుగులు వేయడం కష్టం, వెనక్కి నడవాలి. నీళ్ళలో దిగగానే ఆ బరువే బలమవుతుంది. ఈ రోజు పగడపు దిబ్బ మీదుగా ఒక తాబేలు ముందు తెడ్లు ఊపుకుంటూ పక్షిలా సాగిపోయింది. ఇసుక మీద ఒళ్ళు ఈడ్చుకునే ప్రాణి అది! వెంటనే వేమన గుర్తొచ్చాడు. ‘నీళ్ళలోన మొసలి ____ యేనుగు బట్టు, బయట కుక్కచేత భంగపడును’. ఖాళీలో ‘నిగిడి’ ఉండాలా, ‘నిలిచి’ ఉండాలా?

ఛందోప్రియ:
నిగిడి. అనుమానమే లేదు.

పాతప్రతి:
ఛందోప్రియ గారూ, ‘నిలిచి యే’ కూడా నగమే (మూడు లఘువులు, ఒక గురువు), నీకి నికి యతీ, అంటే అక్షరాల పొత్తూ, చెల్లుతుంది. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. అర్థాన్నే అడగాలి. నిగుడు అంటే సాగడం, విజృంభించడం. ఏనుగును పట్టే ఊపు ఆ మాటలోనే ఉంది.

తీరవాసి:
నా ఓటు ‘నిలిచి’కే. మొసలి కళ్ళూ ముక్కూ మాత్రం పైన ఉంచి, కదలకుండా పొంచి ఉంటుంది. ఆ నిలకడే దాని వేట. ఇంకొకటి, ఉప్పునీటి మొసలిని ఒడ్డున కుక్క భంగపరచడం కష్టమే. వేమన చూసింది మంచినీటి మొసలినే అని నా నమ్మకం.

ఛందోప్రియ:
మొసలి జాతిని తర్వాత తేల్చుకుందాం, ముందు మూడో పాదం సరిచేసుకోండి. అందరూ ‘స్థానబలిమి గాని తన బలిమి కాదయా’ అని చదువుతారు. ఆ పాదం చివర రెండు ఇంద్రగణాలు రావాలి. ‘తన బలి’ నలం (నాలుగు లఘువులు) అయితే మిగిలిన ‘మి కాదయా’ ఏ ఇంద్రగణం? ‘తన బల్మి కాదయా’ అంటేనే సలం, రగణం కుదురుతాయి. ముందున్న ‘స్థానబలిమి’కి మాత్రం ఇబ్బంది లేదు, అక్కడ ‘బలిమి’ నగణం.

పాతప్రతి:
బల్మి సంగతి ఒప్పుకుంటాను. కానీ వేమన పద్యాలు నోటినుంచి నోటికి నడిచినవి. బ్రౌను 1829లో అచ్చు వేయించేనాటికే ఎన్నో పాఠాలు. ఒక్క పాఠమే అసలుదని పట్టుబట్టడం వేమనకు న్యాయం కాదు.

పోతనాభిమాని:
స్థానబలం చూడాలంటే పోతన గజేంద్రమోక్షం దగ్గరికి రండి. ‘కరి దిగుచు మకరి సరసికి’. పాదమంతా లఘువులే, ఒక్క గురువు లేదు! మకరి మడుగులోకి లాగుతుంది, కరి దరికి లాగుతుంది. ఎవరి బలం ఏ చోట ఉందో ఆ రెండింటికీ తెలుసు. వేమన సూత్రం చెప్పాడు, పోతన పోరు చూపించాడు.

పడవప్రయాణి:
ఎంత బాగా చెప్పారు! అయితే నేను చూసిన తాబేలు ఇందులో ఇమడదు. గుడ్లు పెట్టడానికి ఆడ తాబేలు తనకు బలం లేని ఇసుకమీదికే ఎక్కుతుంది, ఎవరూ లాగకుండానే. దానికి పద్యం ఎవరు చెప్పారు?

ఛందోప్రియ:
అది వేరే చర్చ. పోతనాభిమాని గారూ, ఆ కందంలోనే ‘కరకరి బెరయన్’ ఉంది కదా, అక్కడ కరకరి అంటే మీరు కోపం అంటారా, పోరు అంటారా?

తీరవాసి:
పోరే.

పోతనాభిమాని:
కోపమే. ఎందుకో వివరంగా రాస్తాను, ఉండండి.