నడుం విరిగిన పిల్లి, మూత్రం సరిగా పోయడం లేదు. ఇంట్లో చూసుకోగలమా?

ప్రశ్న (గుంటూరు)

అందరికీ నమస్కారం. పదకొండు రోజుల కిందట మా వీధి మలుపులో ఒక పిల్లిని ఆటో గుద్దేసి వెళ్లిపోయింది. ముందు కాళ్లతోనే మురుగు కాలవ దాకా ఈడ్చుకుంటూ వెళ్లి ఆగిపోయింది. గోనె సంచిలో పడుకోబెట్టి ఇంటికి తెచ్చాను. ఎనిమిది నెలల ఆడపిల్లి అన్నారు. ఒళ్లంతా బొంబాయి రవ్వ రంగు, అందుకే రవ్వ అని పిలుస్తున్నాం.

ఎక్స్‌రేలో వెన్నుపూస విరిగినట్టు తేలింది. వెనక కాళ్లు రెండూ కదలవు. మొదట చూపించిన చోట "వీధి పిల్లే కదమ్మా, ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇచ్చేద్దాం" అన్నారు. నాకు మనసొప్పలేదు. తల నిమిరితే గుర్రుమంటూ చేతికి రుద్దుకుంటుంది. ఉడకబెట్టిన చికెన్ పెడితే గిన్నె నాకేస్తుంది.

ఇప్పుడు నా టెన్షన్ మూత్రం గురించి. గుడ్డలు ఎప్పుడూ తడిగానే ఉంటున్నాయి కాబట్టి పోస్తోందనే అనుకున్నాను. నిన్నటి నుంచి పొత్తికడుపు గట్టిగా తగులుతోంది, ముట్టుకుంటే అరుస్తోంది. నేను బట్టల షాపులో పని చేస్తాను, తొమ్మిదిన్నరకి వెళ్తే రాత్రి ఎనిమిదికి వస్తాను. ఇంట్లో అమ్మ ఒక్కతే. పిల్లి ఎదురొస్తే గడప దాటని మనిషి, ఇప్పుడు రవ్వకి గ్లాసెడు పాలు పోస్తోంది. మాలాంటి వాళ్లం దీన్ని సాకగలమా? ఊరికే బాధ పెడుతున్నానా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

జవాబు (హైదరాబాద్)

చెల్లీ, ఈ పూటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు, రేపటిదాకా ఆగొద్దు. గుడ్డలు తడుస్తున్నాయంటే మూత్రం పోస్తోందని కాదు. మూత్రం సంచి నిండిపోయి, పట్టక, పొర్లి కారుతోంది. లోపల నిలవున్నది అలాగే ఉంటుంది. అది ఇన్ఫెక్షన్ తెస్తుంది, కిడ్నీల మీదికి పోతుంది. ఈ సంగతి తెలియక, ఇలాగే కాళ్లు పడిపోయిన మా పిల్లి నల్లోడిని మూత్రంలో రక్తం పడేదాకా తెచ్చుకున్నాను. అలాంటి వాడే ఆ తర్వాత ఐదేళ్లు మా ఇంట్లో తిరిగాడు.

మూత్రం చేత్తో నొక్కి తీయాలి. రోజుకి మూడుసార్లు, కనీసం రెండుసార్లు. పిల్లిని నిలబెట్టి, వెనక కాళ్లకి కాస్త ముందు, పొట్ట రెండు వైపులా వేళ్లు పెడితే నిమ్మకాయంత గుండ్రంగా తగులుతుంది. రెండు వైపుల నుంచీ మెల్లగా, ఒకే ఒత్తిడితో తోక వైపుకి నొక్కాలి. ధార మొదలయ్యాక ఆగేదాకా వదలకూడదు. కానీ ఇది చదివి చేయొద్దు. డాక్టర్ నీ చేతి మీద తన చెయ్యి పెట్టి నేర్పించాలి. రాకపోయినా బలంగా నొక్కితే సంచి పగిలే ప్రమాదం ఉంది. నాకు చెయ్యి కుదరడానికి వారం పట్టింది, రెండుసార్లు ఏడ్చాను కూడా.

నీ వేళలకి ఇబ్బంది లేదు. పొద్దున వెళ్లే ముందు, రాత్రి రాగానే నువ్వు చెయ్యి, మధ్యాహ్నం అమ్మగారికి నేర్పించు. పాలు మాత్రం ఆపించు. చాలా పిల్లులకి పాలు పడవు, విరేచనాలవుతాయి. కాళ్లీడ్చే పిల్లికి అవి ఒంటికి అంటుకుని చర్మం ఒరిసిపోతుంది. రోజూ గోరువెచ్చని నీళ్లతో వెనక భాగం కడిగి, పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. కింద గచ్చు కాకుండా మెత్తటి బొంత వెయ్యి.

జవాబు (గన్నవరం, పశువైద్య విద్యార్థి)

అక్కా, కాళ్లకి స్పర్శ ఉందో లేదో డాక్టర్‌ని పరీక్షించమనండి. వెనక కాలి వేలు గట్టిగా నొక్కినప్పుడు కాలు వెనక్కి లాక్కుంటే అది చాలదు, మెదడుతో పని లేకుండానే కాలు లాక్కోగలదు. తల తిప్పి చూడాలి, లేదా అరవాలి. అప్పుడే నొప్పి పైదాకా చేరుతున్నట్టు. అలా ఉంటే కోలుకునే అవకాశం బాగా ఎక్కువ. మా ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి గుంటూరుకి దూరమేమీ కాదు, పాత ఎక్స్‌రే తీసుకుని రండి.

నొప్పికి పారాసిటమాల్ మాత్రం వేయకండి. పిల్లి కాలేయం దాన్ని అరిగించలేదు, రక్తం ఆక్సిజన్ మోయలేకుండా పోతుంది. మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు ప్రాణం తీయడానికి. ఇంకోటి, నొక్కేటప్పుడు మిమ్మల్ని కరిచినా గీరినా సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు రేబిస్ టీకాకి వెళ్లండి.

జవాబు (విశాఖపట్నం)

మా పిల్లికి స్పర్శ రాలేదు. మూడు నెలలు చూశాం. చివర్లో తిండి మానేసింది, పుండ్లు మానలేదు, దగ్గరికి వెళ్తే ముడుచుకుపోయేది. అప్పుడు ఇంజెక్షన్ ఇప్పించి పంపించేశాం. ఇంకో వారం ముందే పంపాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. మీ రవ్వ ఇంకా తింటోంది, నిమిరితే గుర్రుమంటోంది. అవి రెండూ ఉన్నంతవరకు నేనైతే చూసుకునేదాన్ని.

అడిగినవారు (గుంటూరు)

అందరికీ చాలా థ్యాంక్స్. ఆ సాయంత్రమే సెలవు పెట్టి గన్నవరం తీసుకెళ్లాను. ట్యూబు వేసి తీస్తే అంత చిన్న పొట్టలోంచి అంత మూత్రం వచ్చేసరికి నాకు కళ్లు తిరిగాయి. ఇన్ఫెక్షన్ ఉంది, మందు రాశారు. ఎడమ కాలి వేలు నొక్కితే వెనక్కి తిరిగి డాక్టర్ చెయ్యి కొరకబోయింది. కుడి కాలికి ఇంకా ఏమీ తెలియడం లేదు. నొక్కి తీయడం నాకు నేర్పించారు, నేను అమ్మకి నేర్పించాను. ఇవాళ మధ్యాహ్నం షాపులో ఉండగా అమ్మ ఫోన్ చేసి "వచ్చిందే, ధారగా వచ్చింది" అంది.

అక్కా, కుడి కాలికి స్పర్శ రావడానికి మీ నల్లోడికి ఎన్నాళ్లు పట్టింది?

జవాబు (హైదరాబాద్)

వాడికి కుడి కాలు చివరిదాకా రాలేదు చెల్లీ. ఎడమ కాలు నలభై రోజులకి నేల మీద ఆనించాడు. అదే కాలితో గోడ కూడా ఎక్కేవాడు.