రక్తదాన శిబిరం: పనుల పంపకం, పది నిమిషాల ప్రసంగం

కార్యదర్శి:
అందరికీ నమస్కారం. హాలు ఖాయమైంది. రెడ్‌క్రాస్ వాళ్ళు సామాను దించుకునేలోపే మనం తలుపులు తీయాలి. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఇద్దరు, పార్కింగ్‌లో ఇద్దరు కావాలి. ఇంకో పని. వరసలో కూర్చున్నవాళ్ళకి పది నిమిషాలు అమెరికన్ రెడ్‌క్రాస్‌ని నడిపిన గెయిల్ మెక్‌గవర్న్ గురించి చెబుదామని కమిటీలో అనుకున్నాం. ఎవరు మాట్లాడతారు?

సాంస్కృతిక విభాగం:
నేను మాట్లాడతానండి. ఆవిడ ఉద్యోగం మొదలుపెట్టింది పెన్సిల్వేనియా బెల్ టెలిఫోన్ కంపెనీలో ప్రోగ్రామర్‌గా. ఈ ముక్క వినగానే మనవాళ్ళలో సగం మంది ఫోన్లు పక్కన పెడతారు. తర్వాత ఏటీ అండ్ టీ ఫోన్ కంపెనీలో పెద్ద హోదా, ఫిడెలిటీ అనే పెట్టుబడుల సంస్థలో ఒక విభాగానికి అధ్యక్షత, హార్వర్డ్‌లో మార్కెటింగ్ పాఠాలు. 2008లో అమెరికన్ రెడ్‌క్రాస్‌కి సీఈఓగా వచ్చేసరికి ఏటా 20 కోట్ల డాలర్లకు పైగా లోటు! ఖర్చులు తగ్గించి, చాప్టర్లు, అంటే స్థానిక శాఖలు, కలిపి, 2024 దాకా నడిపారు. ఇక్కడ అమెరికాలో వాడే రక్తంలో దాదాపు 40 శాతం ఆ సంస్థదే, కాబట్టి మన శిబిరానికి సరిగ్గా అతుకుతుంది.

కోశాధికారి:
బాగుందమ్మా, కానీ హైతీ సంగతి కూడా చెబుతావా? 2010 భూకంపం తర్వాత రెడ్‌క్రాస్‌కి దాదాపు 50 కోట్ల డాలర్లు వచ్చాయి. శాశ్వతమైన ఇళ్ళు ఆరే కట్టారని 2015లో ప్రోపబ్లికా, ఎన్‌పీఆర్ అనే వార్తాసంస్థలు రాశాయి.

అధ్యక్షులు:
దానం చేయడానికి వచ్చినవాళ్ళ ముందు ఆ గొడవ ఎందుకండీ?

సాంస్కృతిక విభాగం:
చెప్పాలి సార్. ఒక లక్షా ముప్పై వేల మందికి పైగా గూడు కల్పించామని సంస్థ జవాబిచ్చింది. అందులో మరమ్మతులు, అద్దె సాయం, తాత్కాలిక ఇళ్ళు కూడా కలిపారు. రెండూ చెప్పి ఊరుకుంటాను, తీర్పు నాకొద్దు. కంపెనీ లెక్కల్లో లోటు పూడ్చడం ఒకటి, పరాయి దేశంలో స్థలం హక్కు తేల్చుకుని ఇల్లు కట్టడం ఇంకొకటి. నాకు ఆసక్తిగా అనిపించిందీ, మనవాళ్ళకి చెప్పాలనుకున్నదీ అదే.

కోశాధికారి:
అలాగైతే నాకు అభ్యంతరం లేదు.

రిజిస్ట్రేషన్ బాధ్యురాలు:
ప్రసంగం సరే, అసలు ఇబ్బంది వేరే ఉంది అక్కా. మలేరియా ఉన్న ప్రాంతానికి వెళ్ళొస్తే మూడు నెలలు ఆగాలన్నది 2020 నాటి నిబంధన, అంతకుముందు ఏడాది ఆగాల్సి వచ్చేది. ఇండియా నుంచి కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్ళకైతే మూడేళ్ళు. వేసవిలో వెళ్ళొచ్చినవాళ్ళు మన లిస్టులో బోలెడు మంది! వరసలో గంట నిలబడ్డాక వెనక్కి పంపితే మనల్నే తిడతారు. మలేరియా పరీక్షలు వస్తున్నాయి కాబట్టి నిబంధన మారవచ్చు, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే రెడ్‌క్రాస్‌ని అడగమని ఫారంలో పెద్ద అక్షరాలతో పెడతాను. చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకీ ఇదే వర్తిస్తుంది, వాళ్ళని జ్యూస్, బిస్కెట్ల బల్ల దగ్గర కూర్చోబెడదాం.

కార్యదర్శి:
మంచి మాట చెప్పావమ్మా. యాభై ఆరు రోజులలోపు ఎక్కడైనా ఇచ్చినవాళ్ళు కూడా రావద్దని ఒక లైను చేర్చు. పార్కింగ్‌కి ఇంకా ఎవరూ పేరివ్వలేదు.

సాంస్కృతిక విభాగం:
నేను పోయిన నెలే హైదరాబాద్ నుంచి వచ్చాను, రక్తం ఎలాగూ తీసుకోరు. ప్రసంగం అయ్యాక పార్కింగ్ నాకే రాసేయండి.