అప్‌డేట్: ఎల్‌కేజీ అంటే భయపడే పాప, మూడు వారాల తర్వాత

బడి పేరెత్తితేనే ఏడ్చే నాలుగేళ్ల పాపను ఎల్‌కేజీకి ఎలా సిద్ధం చేయాలని మే నెలలో అడిగాను. గుంటూరులో బళ్లు తెరిచి మూడు వారాలైంది. పనిచేసినవి ఇవండీ.

అన్నిటికంటే పనికొచ్చింది అన్నం డబ్బా మూత! సగం భయం అక్కడే ఉంది, మూత రాకపోతే ఎవర్ని అడగాలని. గట్టి క్లిప్పుల స్టీలు డబ్బా మానేసి, తేలిగ్గా తెరుచుకునేది కొని, పది రోజులు ఇంట్లోనే అందులో పెరుగన్నం పెట్టాలి, పావుగంటలో తినగలిగినంతే. నీళ్ల సీసా 400 మి.లీ. చాలు, లీటరుది చిన్న చేతులు ఎత్తలేవు. నిక్కరుకు ఎలాస్టిక్, బూట్లకు వెల్‌క్రో. బాత్రూముకు ఇంట్లో వాడే మాట టీచరుగారికి ముందే చెప్పాలి.

గేటు దగ్గర చెప్పకుండా జారుకోవద్దు. కళ్లు తిప్పితే అమ్మ మాయమవుతుందనుకుని మర్నాడు ఇంకా గట్టిగా పట్టుకుంటారు. 'మూడింటికొస్తా' అన్నా ఆ వయసుకు అర్థం కాదు. 'అన్నం తిని, ఆడుకున్నాక వస్తా' అని ఒక్కసారి చెప్పి, ముద్దుపెట్టి వెళ్లిపోవాలి.

సోమవారాలు ఇంకా ఏడుపుంది. లోపలికెళ్లిన ఐదు నిమిషాలకే ఆగిపోతోందని ఆయమ్మ చెప్పింది.