రోలర్ కోస్టర్ గదిలో మంచం అదురు కింది గదికి పోతోంది, ఆపేదెలా?

హోటల్లో రోలర్ కోస్టర్ థీమ్ గది చేస్తున్నాం. బండి ఆకారపు మంచం, దాని ప్లైవుడ్ ప్లాట్‌ఫామ్ కింద రెండు బాస్ షేకర్లు (లోతైన శబ్దాన్ని అదురుగా మార్చే పరికరాలు). గొలుసు లాగే చప్పుడుతో ఇబ్బంది లేదు. కిందికి దూకే ఘట్టంలో వచ్చే 25–30 హెర్ట్జ్ అదురే 150 మి.మీ. శ్లాబు గుండా కింది గదికి దిగుతోంది. వాల్యూమ్ 6 డెసిబెల్స్ తగ్గిస్తే అసలు అనుభూతే పోయింది. 10 మి.మీ. రబ్బరు ప్యాడ్లు వేశాం, బరువుకి 0.6 మి.మీ. మాత్రమే అణిగాయి, అంటే ప్యాడ్ల మీద మంచం సహజ పౌనఃపున్యం (కదిపి వదిలితే తనంతట తాను సెకనుకు ఊగే సార్లు) దాదాపు 20 హెర్ట్జ్. అలాంటి ప్యాడ్ 28 హెర్ట్జ్ దాటితేగానీ అదురు తగ్గించదు, 25 హెర్ట్జ్ దగ్గర ఇంకా పెంచింది. 25 మి.మీ. అణిగే స్ప్రింగులతో అదురు ఆగింది కానీ, మనిషి ఎక్కగానే మంచం ఊగిపోతోంది. పిల్లలు పడుకునే చోట అది ఒప్పుకోలేను. ఊగకుండా మంచం కింద కాంక్రీటు దిమ్మె వేద్దామంటే శ్లాబు మీద బరువు. స్ప్రింగులు ఉంచుతూనే ఈ ఊగుడు ఆపడానికి విస్కస్ డ్యాంపర్లు (చిక్కటి ద్రవంతో కదలికను నెమ్మదింపజేసేవి) సరిపోతాయా, లేక దిమ్మె తప్పదా?