నాన్నకి వినబడట్లేదా, వయసేనా?

పర్లాకిమిడి నుంచి: మా నాన్నకి 67, టీవీ సౌండు వీధిలోకి వినబడతంది, తగ్గించమంటే మీరే గొణుగుతున్నారంటారు, నిన్న సంతలో ‘సంచి ఏదీ’ అంటే ‘మంచిదే’ అన్నారు. టెస్టుకి రమ్మంటే కోపం. ఏం చెయ్యాలి?

బరంపురం నుంచి: వయసుతో ముందు పోయేవి సన్నటి సౌండ్లేనండి, స, త లాంటివి జారిపోతాయి, మాట వినబడుద్ది గానీ అర్థం కాదు. ఒక్కోసారి గులిమే అడ్డం ఉంటది, పుల్లలు, వేడి నూనె వద్దు, ఇక్కడ బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో ఈఎన్‌టీకి చూపించండి.

రాయగడ నుంచి: మా అమ్మకి ఆడియోమెట్రీ, అంటే వినికిడి టెస్టు, చేశారు, చిన్న గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి బీప్ వినబడగానే బటన్ నొక్కమన్నారు, నొప్పేం లేదు. అమ్మకి ఒడియా రాదు కదా, ఏం చెయ్యాలో ముందే తెలుగులో నేను చెప్పాను.

బరంపురం నుంచి: ఇంకోటి, ఒక చెవి ఉన్నట్టుండి పోతే మాత్రం ఆగకండి, ఆ రోజే వెళ్ళండి.

పర్లాకిమిడి నుంచి: సోమవారం తీసుకెళ్తానండి.