బైరాడ్స్ 4 అని వచ్చింది, ఇండియా వెళ్లిపోనా?

అక్కలూ, డాలస్ వచ్చి ఏడు నెలలైంది. రొమ్ములో గడ్డలా తగిలితే మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ తీశారు. డాక్టర్ ఫోన్ చేయకముందే యాప్‌లో రిపోర్ట్ వచ్చేసింది. బైరాడ్స్ (బొమ్మల్లో క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే స్కోరు) 4, బయాప్సీ (ముక్క తీసి పరీక్ష) చేయాలట. పాపకు రెండేళ్లు. నిద్ర పట్టట్లేదు.

జవాబు: చెల్లీ, ముందు ఆ యాప్ మూసెయ్. ఇక్కడ ఒక్కోసారి డాక్టర్ మాట్లాడకముందే రిపోర్ట్ యాప్‌లో వచ్చేస్తుంది, అందుకే డాక్టర్ కన్నా ముందు మనమే చదివి హడలిపోతాం. 4 అంటే క్యాన్సర్ అని కాదు, ముక్క తీసి చూడకుండా చెప్పలేమని. 4లో మళ్లీ ఎ, బి, సి అని ఉంటాయి. 4ఎ అయితే క్యాన్సరయ్యే అవకాశం నూటికి 2 నుంచి 10, 4సి అయితే 50 దాటుతుంది. నీది ఏదో ఒక్కసారి చూసి మళ్లీ మూసెయ్.

నాదీ ఇంతే. బొమ్మలో ముళ్లుముళ్లుగా అంచులున్న మచ్చ. ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని రేడియాలజిస్ట్ అడిగేదాకా గుర్తే రాలేదు, ఏడాది ముందు కారు యాక్సిడెంట్‌లో సీటుబెల్టు ఒరుసుకుని అక్కడే కమిలింది. లోపలి కొవ్వు చచ్చి గట్టిపడింది, ఫ్యాట్ నెక్రోసిస్ అంటారు. అయినా సూదితో ముక్క తీశాకే తేలింది. మత్తు ఇంజెక్షన్ చురుక్కుమంది, తర్వాత స్టేప్లర్ కొట్టినట్టు టక్ టక్‌మని నాలుగైదుసార్లు. గుర్తు కోసం నువ్వుగింజంత క్లిప్ లోపలే వదిలారు. మర్నాడు ఆఫీసుకెళ్లా.

ఇంకో జవాబు: పాప చిన్నదన్నావు కాబట్టి చెప్తున్నా. మా ఆడపడుచుకి కాన్పయిన మూడేళ్లకు గడ్డ, చర్మం ఎర్రబడటం, చంకలో బిళ్లలు. అందరం క్యాన్సరే అనుకున్నాం. తీరా చూస్తే గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్, అంటే క్యాన్సర్ కాని ఒక రకం రొమ్ము వాపు. రొమ్ములో టీబీ వచ్చినా అచ్చం ఇలాగే ఉంటుంది, అది ఇక్కడి డాక్టర్లు రోజూ చూసే జబ్బు కాదు. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చుంటే మొహమాటపడకుండా చెప్పు. ముక్కని టీబీ కల్చర్‌కి (ల్యాబ్‌లో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) కూడా పంపాలేమో అడుగు. అది తేలకుండా, మా ఆడపడుచుకి వచ్చిన లాంటి వాపుకిచ్చే స్టెరాయిడ్లు వాడితే టీబీ ముదురుతుంది.

మొదటి అక్క: ఊళ్లో ఇంతకుముందు స్కాన్ ఏదైనా తీయించుకుంటే పాతవాటితో పోల్చి చూడటానికి బొమ్మలున్న సీడీ తెప్పించు, రిపోర్ట్ కాగితం ఒక్కటే సరిపోదు. అలాగని దాని కోసం బయాప్సీ ఆపకు, ఇండియా టికెట్లూ కొనకు. ఏమీ లేదని వచ్చినా, ఆ ఫలితం బొమ్మలో కనపడినదానికి సరిపోయిందా అని అడుగు. సరిపోకపోతే మళ్లీ ముక్క తీస్తారు. డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేలోపు మన చేతినుంచి కట్టేది) ఎంత పడుతుందో ఇన్సూరెన్స్‌వాళ్లను ముందే కనుక్కో. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే హాస్పిటల్‌వాళ్లనే అడుగు, డబ్బులు తీసుకోరు.

చూశానక్కా, 4ఎ. గురువారం వెళ్తున్నా. అమ్మకి ఫోన్ చేస్తే, మా అమ్మమ్మకి టీబీ ఉండేదని ఇప్పుడు చెప్తోంది!